ఎంత పిలిచినా రాని మర్రా

మా ఉస్తాద్ బహగత్ ఏ చప్పుడునూ ఒక్కసారి విని ఊరుకోలేరు. పాట కానివ్వండి, తలుపు గడియ కానివ్వండి, పక్కింటాయన తుమ్ము కానివ్వండి, చెవిన పడ్డదే తడవు ఆయన కుడిచెయ్యి గాల్లోకి లేచిపోతుంది. "కమాన్ మర్రా!" అంటారు. మా అలెగ్జాండ్రియాలో కమాన్ అంటే 'ఇంకా', మర్రా అంటే 'సారి'. రెండూ కలిపితే 'ఇంకోసారి'. ఈ రెండు మాటలూ తీసేస్తే ఆయన దగ్గర మిగిలేవి ఒక కళ్ళజోడు, ఒక గొడుగు.

ఆయన గురించి చెప్పే హక్కు నాకున్నంత ఎవరికీ లేదు. అన్‌ఫూషీలో పడవలు కట్టే ఒడ్డు పక్కన, ఒకప్పుడు వలలు దాచిన గోదాము పైఅంతస్తులో ఆయన పాటలు రికార్డు చెయ్యడం నేర్పే స్కూలు నడుపుతున్నారు. అందులో నేను రెండో ఏడు సగంలో మానేశాను. మొత్తం చదివినవాళ్ళు చాలామంది ఉన్నారు. సరిగ్గా సగంలో ఆపగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇప్పుడు పెళ్ళిళ్ళకు స్పీకర్లు అద్దెకిస్తాను. నా స్పీకర్లు ఇక్కడ మోగితే సముద్రం అవతల సైప్రస్‌లో పెళ్ళికూతుళ్ళు లేచి ఆడతారని చెప్పుకుంటారు. ముందుగా చెప్పుకున్నది నేనే. నా పేరు సబ్రీ. సబ్రీ అంటే ఓపిక. పేరు పెట్టినవాళ్ళు నన్ను అప్పటికింకా చూడలేదు.

ఒకరోజు పాత సామాన్లు కొనే బండివాడు కింద వీధిలో "బేకియా...!" అని గొంతెత్తాడు. ఉస్తాద్ గారు కిటికీలోంచి సగం బయటికి వంగి "కమాన్ మర్రా!" అన్నారు. ఏదో అమ్ముతారు కాబోలని వాడు మెట్లన్నీ ఎక్కి వచ్చాడు.

"ఏముంది బాబుగారూ, ఫ్రిజ్జా, మంచమా?"

"ఏమీ లేదు నాయనా. 'యా' అన్నదగ్గర గొంతు భలే విరిచావు. ఇంకోసారి అను."

వాడు అన్నాడు. ఈయన ఇంకోసారి అన్నారు. మధ్యాహ్నానికి వాడి గొంతు పోయింది, బండి ముందు నిలబడి చేతులతో సైగలు చేసుకుంటూ పోయాడు. వారంపాటు మా పేటలో ఎవరి ఇంట్లోనూ పాత సామాను కదల్లేదు.

ఉస్తాద్ గారి మేనకోడలి పెళ్ళి సంగతి ఇంకా ఘోరం. పెళ్ళికొడుకూ మామగారూ చెయ్యీ చెయ్యీ పట్టుకున్నారు, పైన తెల్ల రుమాలు కప్పారు, పెద్దమనిషి మంత్రంలాంటి మాటలు చెప్పించాడు. పెళ్ళికొడుకు "ఒప్పుకుంటున్నాను" అన్నాడు. వెనక వరసలోంచి "కమాన్ మర్రా!"

పెద్దమనిషి బిత్తరపోయాడు. ఎక్కడో పొరపాటు జరిగిందనుకుని మళ్ళీ చెప్పించాడు. మళ్ళీ చెయ్యి లేచింది.

"ఎన్నిసార్లు చేస్తారయ్యా నా కూతురి పెళ్ళి?" అని మామగారు లేచారు.

"కోప్పడకు బావా! కుర్రాడు 'ఒప్పుకుంటున్నాను' అన్నప్పుడు గొంతులో చిన్న వణుకు ఉంది చూశావా? అలాంటి వణుకు ముప్ఫయ్యేళ్ళుగా వినలేదు నేను."

ఆ కుర్రాడు ఇప్పటికీ ఊళ్ళో అందరికంటే గట్టిగా పెళ్ళయిన మొగుడని పేరు.

మావాళ్ళలో పాడేవాడు ఒక చరణం కుదురుగా పాడితే వట్టి చప్పట్లు చాలవు. "ఇంకోసారి!" అని అరవాలి. అరవకపోతే ఆ గాయకుడు ఇంటికెళ్ళి కంచం మీద అలుగుతాడు. ఆ లెక్కన ఉస్తాద్ గారి క్లాసులో నా తబ్లా అందుకున్నంత గౌరవం ఎవరూ అందుకోలేదు. నేను నాలుగు దెబ్బలు వెయ్యగానే "కమాన్ మర్రా!" మళ్ళీ వేస్తే మళ్ళీ అదే. మిగతావాళ్ళు ఇళ్ళకు పోయాక కూడా ఆయన నన్ను వదిలేవారు కాదు. అరచేతులు రొట్టెల్లా ఉబ్బేవి. ఇంత అభిమానం తట్టుకోలేకే స్కూలు మానేశానని అందరికీ చెబుతుంటాను.

అలా హాయిగా ఉన్న మనిషిని పరాయి దేశాల గొడవలో పెట్టింది సుందుస్. పడవలకు రంగులేసే ఆయన కూతురు, నాతోపాటు చేరిన పిల్ల, నేను ఆగినచోట ఆగకుండా చివరి ఏడాదిదాకా పోయింది. మాకు ఇంగ్లీషు అవసరమైనప్పుడల్లా ఆ పిల్లే దిక్కు. ఉస్తాద్ గారి ఇంగ్లీషు మైకు దగ్గర మొదలై థాంక్యూ దగ్గర ఆగిపోతుంది.

ఈ ఏడు చివరి పరీక్ష కొత్త రకంగా వచ్చింది. మూడు దేశాల స్కూళ్ళు ఇంటర్నెట్టులో కలిసి ఒకే పాట రికార్డు చెయ్యాలి. మాకు జతపడ్డవాళ్ళు ఇద్దరు. ఫిన్లాండునుంచి వయొలిన్ వాయించే వెన్లా, ఉరుగ్వేనుంచి డోలు వాయించే రమీరో. పడవవాళ్ళ పాట ఒకటి సుందుస్ తండ్రి చేత పాడించి పంపుతుంది. దాని మీద రమీరో డోలు, ఆ పైన వెన్లా వయొలిన్, పొర మీద పొర. అన్నీ కలిపి గురువారం సాయంత్రం నాలుగింటిలోగా అప్పగించాలి. మూడు దేశాల్లో ఏ ఒక్కటి లేకపోయినా పాట చెల్లదు. పాట చెల్లితే సుందుస్‌కి కైరోలో ఒక స్టూడియోలో ఉద్యోగం ఖాయం. చెల్లకపోతే వాళ్ళ మేనమామ అత్తరు కొట్లో గల్లాపెట్టె ముందు కుర్చీ ఖాయం. వాళ్ళ నాన్న ఒక్క ఏడాదే గడువిచ్చాడు. ఆ పిల్లకు అత్తరు వాసనకే తలనొప్పి.

మొదట్లో అందరూ ఒకేసారి వాయిద్దామనుకున్నారు. రమీరో డోలు దెబ్బ ఉరుగ్వేలో బయల్దేరి మా దగ్గరికొచ్చేసరికి ఇక్కడ చరణం అయిపోయేది. అందుకని ఎవరింట్లో వాళ్ళు వాయించి పంపడం, తెరమీద అందరూ కూర్చుని వినడం, ఉస్తాద్ గారు తీర్పు చెప్పడం అని ఒప్పందం. తీర్పు ఏమిటో మీకు తెలుసు.

"కమాన్ మర్రా!"

అప్పుడప్పుడు ఆయన అరబ్బీలో పేద్ద ఉపన్యాసం ఇచ్చేవారు. దాన్ని సుందుస్ ముక్కముక్కా ఇంగ్లీషు చేసేది. కానీ 'కమాన్ మర్రా' ఒక్కటీ ఎప్పుడూ చెప్పలేదు. మాకది వినిపించదు కదా. ఆయన దగ్గును ఎవరైనా తర్జుమా చేస్తారా?

నెలరోజులు ఇదే తంతు. వెన్లా వంటింట్లో నిలబడి వాయించేది, కిటికీ వెనక మంచు, ముందు బిక్కమొహం. "కమాన్!" అన్నప్పుడల్లా పిల్ల ఉలిక్కిపడేది. రమీరో మాత్రం చుట్టూ చూసేవాడు, ఎవరినో వెతుకుతున్నట్టు. నేను రోజూ టీకని వెళ్ళి ఒక మూల కూర్చుని, గురువుకు తగిన సలహాలు ఇస్తుండేవాణ్ణి.

"ఒరే సబ్రీ, నువ్వు స్కూలు మానేశావు కదరా?"

"చదువు మానేశాను ఉస్తాద్. టీ మానలేదు."

గడువు ఇంకా రెండు రోజులుందనగా, మంగళవారం వ్యవహారం బద్దలైంది. వెన్లా వయొలిన్ పక్కన పెట్టేసి, తెరలోకి చూస్తూ, మెల్లగా, మర్యాదగా ఏదో చెప్పింది. తెరమీద ఆ పిల్ల గడి నల్లబడింది. సుందుస్ మొహం సున్నం కొట్టినట్టయింది.

"ఏమందమ్మాయ్?" అన్నారు ఉస్తాద్.

"తప్పుకుంటోందట. మీ వేగం అందుకోలేకపోతున్నందుకు క్షమించమంది."

"నా వేగమా?" ఆయన చుట్టూ చూశారు, వేగం ఎక్కడుందోనని. "నేనెప్పుడు తొందరపెట్టాను?"

"మీరు రోజూ తనని తరుముతున్నారట."

"మెట్లమీద పిల్లి పడుకుంటే పక్కనుంచి దాటుకుంటూ పోతాను. నేనా తరిమేది?"

తెరమీద మిగిలిన రమీరో గొంతు సవరించుకున్నాడు. ఇంగ్లీషులో ఏదో అన్నాడు.

"వాడేమంటాడు?"

"తప్పు వెన్లాది కాదట. ఆ మర్రా అనే అమ్మాయిదట."

"మర్రా ఎవరు?"

"మీరు రోజూ పిలిచే అమ్మాయి. 'కమాన్, మర్రా!' అని. నెల్లాళ్ళనుంచి చూస్తున్నాడట, మీరు గొంతు చించుకుని పిలుస్తున్నా ఆవిడ ఒక్కసారీ క్లాసుకు రాలేదట. ఉరుగ్వేలో అయితే పేరు కొట్టేసేవారట."

నేను టీ గ్లాసు కింద పెట్టాను. ఉస్తాద్ గారికి ఇంకా వెలగలేదు. నేనే చెప్పాను:

"ఉస్తాద్, ఇంగ్లీషులో కమాన్ అంటే రా, కదులు, త్వరగా కానీ అని. మీరు ఆ పిల్లని నెల్లాళ్ళుగా గాడిదను తోలినట్టు తోలారు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పెట్టుకుని మళ్ళీ తీశారు. నిజం చెప్పొద్దూ, ఆయన ఒక పనిని 'ఇంకోసారి' అనకుండా ఇంకోసారి చెయ్యడం అదే మొదటిసారి చూశాను.

సుందుస్ వెన్లాకు సందేశం పంపింది, ఇదీ సంగతి అని. జవాబు మర్యాదగానే వచ్చింది. అలా సర్దిచెబుతున్నందుకు కృతజ్ఞతలు, నాకు జాలి అవసరం లేదు అని. పొగడ్తను 'ఇంకోసారి వాయించు' అనే మాటతో చెబుతారంటే ఎక్కడి మనిషి నమ్ముతుంది?

బుధవారం పొద్దున్న కాసెం వచ్చాడు. మా ఊళ్ళో చలికాలపు గాలివానలకు మనుషుల్లాగే పేర్లుంటాయి. కాసెం రాగానే సముద్రం రోడ్డెక్కింది, స్కూల్లో కరెంటు పోయింది, ఇంటర్నెట్టు పోయింది. సుందుస్ గదిలో ఆ గోడనుంచి ఈ గోడకు తిరుగుతోంది. ఉస్తాద్ గారు ఈ గోడనుంచి ఆ గోడకు. నేను మధ్యలో నిలబడి ఇద్దరికీ దారిస్తున్నాను. కుదురుగా కూర్చోవడం నాకు అసలే చేతకాదు, ఇంకొకళ్ళ కంగారు కూడా తోడైతే కాళ్ళు నిలవవు.

"పదండి, హాగ్ మిత్వల్లీ కాఫీ కొట్టుకి!" అన్నాను. అక్కడ ఒక మూల సిగ్నలు వస్తుంది. నాకు కాఫీ కూడా వస్తుంది. ఇంతకు మించి పథకమేదీ లేదు. ఉందని తరవాత చెప్పుకున్నాను.

హజ్ యాత్ర చేసొచ్చి హాగ్ అనిపించుకున్న మిత్వల్లీ వెనకటి రోజుల్లో పెళ్ళిళ్ళలో పాడేవాడు. ఇప్పుడు సొంత కొట్లో హుక్కా బొగ్గులు సర్దుతుంటాడు. వాన వల్ల జాలర్లు ఎవరూ సముద్రం మీదికి పోలేదు. కొట్టు కిటకిటలాడుతోంది. సుందుస్ మూలకెళ్ళి ఫోను పట్టుకుని వెన్లాకు వీడియో కాల్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. మూడోసారి ఆ పిల్ల ఎత్తింది, బహుశా ఆపమని చెప్పడానికి.

సరిగ్గా అప్పుడే జాలర్లు పెద్దాయన్ని వేధించడం మొదలుపెట్టారు. "హాగ్, ఒక్క ముక్క పాడవయ్యా, వాన తెరిపిస్తుంది!" "నీ పాటకు కాసెం కూడా పారిపోతాడు!" పెద్దాయన పట్టకారు పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని, ఒక్క చరణం అందుకున్నాడు. చివర గొంతు మెల్లగా మెట్లు దిగినట్టు దిగి ఆగింది.

కొట్టంతా పైకి లేచింది. "కమాన్ మర్రా! కమాన్ మర్రా!" ఒకడు టోపీ ఎగరేశాడు. ఒకడు బల్ల గుద్దాడు, నా కాఫీ ఒలికింది. అందరికంటే గట్టిగా అరిచినవారు ఎవరో వేరే చెప్పాలా.

ఫోన్లో వెన్లా కళ్ళు పెద్దవయ్యాయి. ఏదో అడిగింది.

"ఆ ముసలాయన ఏం తప్పు పాడాడని అడుగుతోంది" అంది సుందుస్. జవాబు చెప్పకుండా ఫోనును హాగ్ మిత్వల్లీ మొహానికి తిప్పింది.

పెద్దాయన భుజాలు వెనక్కి విరుచుకున్నాడు. మెడగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. మీసం దువ్వుకున్నాడు. పదేళ్ళ వయసు అప్పటికప్పుడు ఒలిచి అవతల పారేశాడు. మళ్ళీ పాడాడు. మళ్ళీ అరిచారు. ఆ మొహం చూసినవాళ్ళకి ఏ భాషా తర్జుమా చెయ్యక్కర్లేదు.

వెన్లా ఫోను మొహానికి దగ్గరగా తెచ్చుకుంది. తరవాత, ఇంకా నమ్మకం కుదరని గొంతుతో, చిన్న ప్రశ్న వేసింది.

"అయితే ఉస్తాద్, మీరు తనతో అన్నప్పుడల్లా పొగడ్తేనా? తీగ జారి స్వరం చెడిన రోజు కూడానా?" అంది సుందుస్.

ఉస్తాద్ గారు దొరికిపోయారు. నేను ఆయన్ని ఇరవై రకాలుగా చూశాను గాని, దొరికిపోవడం చూడలేదు. గొడుగు మడత సర్దుకున్నారు.

"ఆ రోజు... ఆ రోజు కాదులే."

"మరి దానికీ అదే మాటన్నారు?"

"అన్నాను."

"బాగుంటే కమాన్ మర్రా, బాగులేకపోయినా కమాన్ మర్రా. ఏది ఏదో మాకెలా తెలుస్తుంది ఉస్తాద్?"

"వాయించినవాడికి తెలుస్తుంది తల్లీ. లోపల కుట్టినట్టు తెలుస్తుంది. పక్కవాడికి తెలియాల్సిన పనేముంది? పక్కవాడు పొగడ్తే అనుకుంటాడు. అనుకోనీ. మూడు దేశాలు కూర్చుని చూస్తుంటే, నీది చెడిందమ్మా అని నేను చాటింపు వెయ్యాలా?"

సుందుస్ దాన్ని ఇంగ్లీషు చెయ్యబోయి ఆగిపోయింది. ఎందుకో నాకు తెలుసు. మేం చేరిన కొత్తలో ఆ పిల్ల మొదటి రికార్డింగు వినిపించింది. వాళ్ళ నాన్న పాట. సరిగ్గా పాట మధ్యలో వీధిలో గ్యాసువాడు సిలిండరు మీద పానాతో ఠంగ్ ఠంగ్‌మని కొట్టాడు. క్లాసులో మోటారు కార్లున్నవాళ్ళ కొడుకులు ఇద్దరు నవ్వడానికి నోరు తెరిచారు. అంతలో ఉస్తాద్ గారి చెయ్యి లేచింది: "కమాన్ మర్రా!" అంతే, తెరిచిన నోళ్ళు అలాగే ఉండిపోయాయి. ఆ ఠంగుమనడం గొప్ప కళ కాబోలని అందరం అనుకున్నాం. మరుసటి వారం నలుగురం ఇళ్ళలోని గ్యాసు సిలిండర్లు మోసుకుని క్లాసుకొచ్చాం. నాది నిండు సిలిండరు. ఆ సందడిలో సుందుస్ తన పాట చడీచప్పుడు లేకుండా మళ్ళీ రికార్డు చేసుకుంది.

ఆ పిల్ల ముక్కు ఎగబీల్చి, మాటలు కూడగట్టుకుని వెన్లాకు చెప్పింది. ఫోన్లో వెన్లా మొహం అటు తిప్పుకుంది. మళ్ళీ ఇటు తిప్పినప్పుడు చేతిలో వయొలిన్ ఉంది.

గురువారం మా ఊళ్ళో కరెంటు లేదు. పెళ్ళిళ్ళకు వాడే నా జనరేటరును భుజానెత్తుకుని స్కూలు పైఅంతస్తుకి మోశాను. దాని బరువు చెబితే నమ్మరు, అందుకే రోజుకో రకంగా చెబుతుంటాను. సిగ్నలు కిటికీ బయట మాత్రమే ఉంది. ఫోను బయటికి పట్టుకుని నిలబడ్డాను. గాలికి రెండుసార్లు నేల విడిచాను, ఒకసారి సైప్రస్ దీపాలు కనిపించాయి.

"కబుర్లాపి ఫోను నిటారుగా పట్టుకో, అన్నయ్యా!" అని అరిచింది సుందుస్.

మూడుంబావుకు వెన్లా వాయించింది వచ్చింది. సుందుస్ దాన్ని పాట మీద పరిచి వినిపించింది. వాళ్ళ నాన్న గొంతు కింద సముద్రంలా ఉంది, రమీరో డోలు తెడ్డు వేసినట్టు పడుతోంది, ఆ మధ్యన వయొలిన్ తెరచాపలా నిండింది. అయిపోయాక గదిలో జనరేటరు తప్ప ఏమీ ఊపిరి తీసుకోలేదు.

ఉస్తాద్ గారి కుడిచెయ్యి గొడుగు వదిలింది. లేవడం మొదలుపెట్టింది. నోరు తెరుచుకుంది.

"వద్దు ఉస్తాద్! మీ కాళ్ళు పట్టుకుంటాను!" అంది సుందుస్. ఆయన గనక అన్నారంటే వెన్లా ఆనందం కొద్దీ మళ్ళీ వాయిస్తుంది, నాలుగవుతుంది, అత్తరు కొట్టు తలుపులు తెరుచుకుంటాయి. నా ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో నేను సగం కొరికిన నువ్వుల రొట్టె. ఆలోచించే వ్యవధి లేదు. రొట్టెను ఆయన నోట్లో కుక్కేశాను. ఆయన నమలడం పూర్తి చేసేలోపు పాట ఊరు దాటిపోయింది.

మింగి, నీళ్ళు తాగి, "నువ్వులు బాగా వేగాయిరా" అన్నారు.

పాట చెల్లింది. సుందుస్ కైరో వెళ్ళింది. అత్తరు కొట్లో గల్లాపెట్టె ముందు ఇంకెవరో తుమ్ముతున్నారు. వెళ్ళేముందు రైలు కిటికీలోంచి నన్నో మాట అడిగింది: "నీ తబ్లాకు ఆయన అన్ని కమాన్ మర్రాలు అనేవారు కదా. అవి ఏ రకమో ఎప్పుడైనా అడిగావా?"

అడగలేదు. తెలిసిన విషయం మళ్ళీ అడగడమెందుకు? ఆ పిల్ల ఎందుకు అంత నవ్విందో రైలు కదిలిపోయాక కూడా నాకు అర్థం కాలేదు.

మొన్న వెన్లానుంచి కబురొచ్చింది. వాళ్ళ ఊళ్ళో పెద్ద హాల్లో ఒక పెద్దాయన చెల్లో వాయించాడట. అక్కడ జనం దగ్గు కూడా చేతి రుమాల్లో దాచుకుని వింటారట. ఆయన ఒక వరస ముగించి విల్లు ఎత్తగానే మా వెన్లా కుర్చీలోంచి లేచి, చెయ్యి పైకెత్తి, హాలు దద్దరిల్లేలా "కమాన్ మర్రా!" అని కేక పెట్టిందట. కోట్లు వేసుకున్న ఇద్దరు వచ్చి చెరో రెక్కా పట్టుకుని మర్యాదగా బయట వదిలేశారట. ఎంతో గర్వంగా రాసింది.

నేను చదివి వినిపించాను. ఉస్తాద్ గారు నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"మరి ఆ పెద్దాయన ఇంకోసారి వాయించాడా?"

"లేదు ఉస్తాద్. భయపడి గబగబా ముగించేశాడట."

"అయ్యో పాపం" అన్నారాయన. "పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని ఎవరూ అడిగుండరురా."